ఓడలో వచ్చే బియ్యం, పేగు అడిగే పీచు
అండమాన్ దీవుల పళ్లెం నుంచి పెద్దపేగు క్యాన్సర్ గురించి నేర్చుకోదగిన పాఠాలు

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై నుంచి 1,190, కోల్‌కతా నుంచి 1,255. ఆ పట్టణం పేరును శ్రీ విజయపురంగా మార్చినట్లు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ రేవుకు చేరే సరకుల ఓడల్లో ఏముంటాయో ఒక్కసారి ఊహించండి. బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, గోధుమపిండి, మైదా, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, బిస్కెట్లు, నూడుల్స్. దీవుల్లో పండే ధాన్యం అక్కడివారి అవసరాల్లో కొంత భాగానికే సరిపోతుంది. కాబట్టి దీవుల్లోని వంటగదిలో ఏమి ఉడుకుతుందన్నది చాలావరకు ఓడ మీదే ఆధారపడి ఉంటుంది.

ఓడలో నెలల తరబడి నిలవ ఉండేవి ఏవి? తవుడు పోయిన తెల్లబియ్యం, మైదా, పంచదార, నూనె. తొందరగా పాడైపోయేవి ఏవి? ఆకుకూరలు, కాయగూరలు, పళ్లు. ఈ చిన్న తేడాకూ, మన పొట్టలో ఉండే పెద్దపేగుకూ, ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవారి పెద్దపేగుకూ, దగ్గరి సంబంధం ఉంది. ఆ సంబంధమేమిటో, అందులో రుజువైనది ఎంతో, ఇంకా తేలనిది ఎంతో ఈ వ్యాసంలో చూద్దాం.

ఒకే దీవులు, రకరకాల పళ్లేలు

అండమాన్, నికోబార్ దీవుల జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 3 లక్షల 80 వేలు. వీరిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలే వీరిలో ఎక్కువ. అక్కడ చేపల వేట సాగించేవారిలో తెలుగువారి సంఖ్య గణనీయం. వీరి తాతల కాలంలో ఉత్తరాంధ్ర పల్లెల్లో పొద్దున్నే తాగినది చోడి అంబలి, అంటే రాగి అంబలి. దానితో ఎండుచేప, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు. ఇప్పుడు అంబలి స్థానంలోకి తెల్లన్నం, టీలో ముంచుకునే బిస్కెట్లు వచ్చాయి. ఇది అండమాన్‌లోనే కాదు, మన పల్లెల్లోనూ జరిగినదే.

నికోబార్ దీవుల ఆదివాసులైన నికోబారీల పళ్లెం వేరు. వీరి జనాభా సుమారు 27 వేలు. కొబ్బరి, చేపలు, పెండలం, చేమ వంటి దుంపలు, ఒక రకం మొగలి పండు వీరి సంప్రదాయ ఆహారం. మొగలి అనగానే మీకు సువాసన గల పువ్వు గుర్తుకు వస్తుంది. నికోబార్‌లో పెరిగే ఈ జాతి మొగలికి పెద్ద పండు కాస్తుంది. దాన్ని ఉడికించి, నారలోంచి గుజ్జును గీకి తీసి, ముద్ద చేసుకుని తింటారు. వీరు పందులనూ పెంచుతారు. పంది మాంసం ప్రధానంగా పండుగలకూ, విందులకూ సంబంధించినది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ పళ్లేన్ని తలకిందులు చేసింది. దీవుల్లో సుమారు మూడున్నర వేల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. కొబ్బరి తోటలు, దుంపల మళ్లు, పందుల మందలు కొట్టుకుపోయాయి. ప్రాణాలు నిలిపినది ఓడల్లో వచ్చిన సహాయ సామగ్రే: బియ్యం, పప్పు, నూనె, పంచదార, బిస్కెట్లు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లు రేషన్ మీద బతికినవారికి ఆ తిండే అలవాటవుతుంది. ఒక తరంలో రావలసిన మార్పు ఒక్క ఉదయంతో మొదలైంది.

పేగులో కంతి ఎలా పుడుతుంది?

మన పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. దాని చివరి 15 సెంటీమీటర్ల భాగం పురీషనాళం. ఈ రెండింటిలో వచ్చే క్యాన్సర్లను కలిపే లెక్కిస్తారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చింది. 9 లక్షల మంది దీనివల్ల మరణించారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తరువాతి స్థానం దీనిదే.

పేగు లోపలి పొర మన ఒంట్లో అతి వేగంగా మారిపోయే కణజాలాల్లో ఒకటి. అక్కడి కణాలు నాలుగైదు రోజులకే రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. కణం విభజన చెందిన ప్రతిసారీ దానిలోని డి.ఎన్.ఎ. మొత్తాన్ని తిరిగి రాసుకోవాలి. లక్షల పేజీల పుస్తకాన్ని చేత్తో ఎత్తి రాస్తే అక్కడక్కడ అక్షరదోషాలు దొర్లుతాయి కదా! ఇదీ అంతే. చాలా తప్పులను కణం తానే దిద్దుకుంటుంది. దిద్దుకోలేనివి మిగిలిపోతాయి. వీటినే ఉత్పరివర్తనలు అంటారు.

కణాల పెరుగుదలకు బ్రేకు వంటి ఎ.పి.సి. అనే జన్యువులో తప్పు దొర్లితే ఆ చోట కణాలు కుప్పగా పెరిగి చిన్న కంతి ఏర్పడుతుంది. దీన్ని పాలిప్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు. పాలిప్‌లలో ఎక్కువ భాగం ఎన్నడూ క్యాన్సర్‌గా మారవు కూడా. కొన్నింటిలో మాత్రం ఇంకా కొన్ని జన్యువులలో ఒకదాని తరువాత ఒకటిగా తప్పులు చేరి, చివరకు క్యాన్సర్ అవుతుంది. ఈ మెట్ల వరుసను అమెరికా శాస్త్రజ్ఞులు ఫియరాన్, వోగెల్‌స్టీన్ 1990లో స్పష్టంగా వివరించారు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు చేరడానికి సాధారణంగా పదేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఈ జబ్బు ఎక్కువగా పెద్ద వయసులోనే ఎందుకు కనిపిస్తుందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. 70 ఏళ్లవారి పేగు ఏడు దశాబ్దాల తిండినీ, ఏడు దశాబ్దాల అక్షరదోషాలనూ మోస్తోంది. మరో సంగతి కూడా ఇందులోనే ఉంది. పదేళ్ల వ్యవధి ఉందంటే, మధ్యలో అడ్డుకోవడానికి పదేళ్ల అవకాశం ఉందన్నమాట.

పీచు కథ: ఒక డాక్టరు గమనించినది

ఐర్లండ్‌కు చెందిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ దాదాపు రెండు దశాబ్దాలు తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేశాడు. ఐరోపా ఆస్పత్రుల్లో తరచూ కనిపించే పెద్దపేగు జబ్బులు అక్కడి గ్రామీణులలో అరుదుగా ఉండడం ఆయనను ఆలోచింపజేసింది. వారు తినేది పొట్టు తీయని ధాన్యాలు, దుంపలు, చిక్కుళ్లు. ఐరోపావారు తినేది తెల్ల రొట్టె, మాంసం. తేడా పీచులో ఉందని 1971లో ఆయన ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు.

పీచు అంటే ఏమిటి? మొక్కల ఆహారంలో మన జీర్ణరసాలు అరిగించలేని భాగమే పీచు. అరగదు కాబట్టి పనికిరాదని ఒకప్పుడు అనుకునేవారు. నిజానికి మనకు అరగనిది పెద్దపేగులోని కోటానుకోట్ల సూక్ష్మజీవులకు విందు భోజనం. అవి పీచును పులియబెట్టి బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఇంధనం ఈ బ్యుటిరేటే. అది కణాలను ఆరోగ్యంగా ఉంచుతుంది, వాపును తగ్గిస్తుంది, దారి తప్పిన కణాలు తమంతట తామే నశించేందుకు తోడ్పడుతుంది. అంతేకాక పీచు నీటిని పీల్చుకుని మలాన్ని మెత్తబరుస్తుంది, త్వరగా కదిలిస్తుంది. హానికర పదార్థాలు పేగు గోడను తాకుతూ ఉండే సమయం తగ్గుతుంది.

వినడానికి ఎంతో సబబుగా ఉంది. కాని సబబుగా ఉన్నంత మాత్రాన సైన్స్ ఒప్పుకోదు. ఉగాండా గ్రామీణునికీ, లండన్ వాసికీ మధ్య తేడా పీచు ఒక్కటేనా? పని, బరువు, మద్యం, ఆయుర్దాయం అన్నీ వేరే. 1999లో అమెరికాలో 88 వేల మందికి పైగా నర్సులపై జరిపిన అధ్యయనంలో పీచు వల్ల రక్షణ కనిపించలేదు. 2000లో వెలువడిన రెండు ప్రయోగాల్లో పాలిప్‌లు తీయించుకున్నవారికి పీచు ఎక్కువగా ఉన్న ఆహారం ఇచ్చి చూశారు. కొన్నేళ్ల వ్యవధిలో కొత్త పాలిప్‌లు పుట్టడం ఆగలేదు. పీచు కథ ముగిసిందని చాలామంది భావించారు.

అయితే పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టే జబ్బును మూడు నాలుగేళ్ల ప్రయోగంతో తేల్చగలమా? 2003లో ఐరోపాలోని పది దేశాల్లో 5 లక్షల మందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. పీచు తక్కువగా తినేవారు దాన్ని రెట్టింపు చేసుకుంటే ముప్పు 40 శాతం దాకా తగ్గవచ్చని ఆ పరిశోధకులు అంచనా వేశారు. 2011లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కిస్తే అంత పెద్ద అంకె రాలేదు గాని, దిశ మాత్రం అదే. రోజుకు 10 గ్రాముల పీచు పెరిగితే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతున్నట్లు తేలింది. ముఖ్యంగా పొట్టు తీయని ధాన్యాల పీచు మేలు చేస్తోంది.

పళ్లేలు మార్చుకున్న 40 మంది

2015లో ఒక ఆసక్తికరమైన ప్రయోగం వివరాలు వెలువడ్డాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఉండే ఆఫ్రికా సంతతివారు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెవాసులు 20 మంది ఇందులో పాల్గొన్నారు. అందరూ 50 నుంచి 65 ఏళ్లలోపు ఆరోగ్యవంతులు. అమెరికా బృందం వంటి జనాభాలో ఏటా లక్షకు 65 మందికి ఈ క్యాన్సర్ వస్తుంటే, ఆ పల్లెవాసులలో 5 మందికి కూడా రాదు. పూర్వీకులు ఒకే ఖండానికి చెందినవారు. మరి తేడా ఎక్కడుంది?

రెండు వారాలపాటు ఒకరి తిండి మరొకరికి పెట్టారు. అమెరికా బృందం తినే పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55 గ్రాములకు పెరిగింది. పల్లెవాసుల పీచు 66 నుంచి 12 గ్రాములకు పడిపోయింది, కొవ్వు బాగా పెరిగింది. రెండు వారాల తరువాత పేగు పొరను పరీక్షించారు. అమెరికా బృందంలో బ్యుటిరేట్ తయారీ రెండున్నర రెట్లు పెరిగింది, పేగు పొరలో వాపు తగ్గింది. పల్లెవాసులలో బ్యుటిరేట్ సగానికి తగ్గింది, కణాల విభజన వేగం పెరిగింది.

రెండు వారాల్లో ఎవరికీ క్యాన్సర్ రాలేదు, ఎవరికీ తగ్గలేదు. ఈ ప్రయోగం చూపినది ముందస్తు సంకేతాలను మాత్రమే. అయినా ఒక ముఖ్య విషయం తెలిసింది. అరవై ఏళ్ల వయసులో కూడా పేగు తిండి మార్పుకు వెంటనే స్పందిస్తుంది. 'ఇంత వయసొచ్చాక ఇప్పుడేం మారుతుంది?' అనే మాట నిజం కాదు.

నికోబార్ సంగతి మళ్లీ ఆలోచించండి. దుంపలు, మొగలి గుజ్జు, కొబ్బరి నుంచి తెల్లబియ్యం, పంచదారలకు మారడం కూడా పళ్లేల మార్పిడే. తేడా ఒక్కటే. అది రెండు వారాలది కాదు.

మాంసం మాటేమిటి?

2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 10 దేశాల నుంచి 22 మంది నిపుణులను సమావేశపరచింది. 800కు పైగా అధ్యయనాలను వారు పరిశీలించారు. ఉప్పు పట్టించి, పొగబెట్టి, రసాయనాలు చేర్చి నిలవ చేసే సాసేజి, బేకన్, హామ్, సలామీ వంటి మాంసాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చారు. పంది, గొర్రె, మేక, పశువుల మాంసాన్ని 'బహుశా కలిగించవచ్చు' అనే వర్గంలో ఉంచారు.

ఇందుకు కారణాలున్నాయి. మాంసానికి ఎర్రరంగునిచ్చే హీమ్ అనే ఇనుము గల పదార్థం పేగు పొరను ఒరిపిడికి గురిచేస్తుంది. నిలవ కోసం కలిపే నైట్రైట్‌ల నుంచి నైట్రోసో సంయోగ పదార్థాలు తయారై డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. నిప్పుల మీద మాడేలా కాల్చినప్పుడు మరికొన్ని హానికర పదార్థాలు పుడతాయి. కొవ్వు ఎక్కువైతే దాన్ని అరిగించడానికి పైత్యరసం ఎక్కువగా ఊరుతుంది. అందులోని ఆమ్లాలను పెద్దపేగులోని సూక్ష్మజీవులు పేగుకు చికాకు కలిగించే రూపంలోకి మారుస్తాయి.

పత్రికల్లో అప్పుడు ఒక అంకె మారుమోగింది. రోజూ 50 గ్రాముల నిలవ మాంసం తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని. దీన్ని చూసి నూటికి 18 మందికి క్యాన్సర్ వస్తుందని చాలామంది పొరబడ్డారు. లెక్క సరిగా వేద్దాం. ఒక దేశంలో జీవితకాలంలో నూరు మందిలో ఐదుగురికి ఈ జబ్బు వస్తుందనుకోండి. ఐదులో 18 శాతం అంటే 0.9. కాబట్టి ఆ నూరుగురూ రోజూ నిలవ మాంసం తింటే ఐదుగురికి బదులు సుమారు ఆరుగురికి వస్తుంది. భయపడి పారిపోవలసినంత పెద్దదీ కాదు, కొట్టిపారేయవలసినంత చిన్నదీ కాదు. పొగాకు కూడా మొదటి వర్గంలోనే ఉంది. కాని రెండూ సమానంగా ప్రమాదకరమని దాని అర్థం కాదు. రుజువు ఎంత గట్టిదో వర్గం చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు.

మరి అండమాన్ తెలుగువారి చేపల పులుసో? చేప ఎర్ర మాంసం కాదు. ఐరోపా అధ్యయనంలో చేపలు ఎక్కువగా తినేవారిలో ఈ క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఆ రక్షణ చేపదేనా, లేక చేప తినేవారు మాంసం తగ్గించడం వల్ల వచ్చినదా అన్నది గట్టిగా తేలవలసి ఉంది. ఎండుచేపలో మాత్రం ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్న పెద్దలు దాన్ని మితంగా తినాలి.

పళ్లెంలో ఇంకేముంది?

2025 జనవరిలో బ్రిటన్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 5 లక్షల 42 వేల మంది స్త్రీలను సగటున 16 ఏళ్లకు పైగా గమనించి, 97 ఆహార అంశాలను పరిశీలించారు. వారిలో 12,251 మందికి ఈ క్యాన్సర్ వచ్చింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం అదనంగా, అంటే ఒక పెద్ద గ్లాసు పాలలో ఉన్నంత, తీసుకునేవారిలో ముప్పు 17 శాతం తక్కువగా ఉంది. రోజుకు 20 గ్రాముల ఆల్కహాలు అదనంగా తాగేవారిలో 15 శాతం ఎక్కువగా ఉంది. కాల్షియం పేగులో పైత్యరసపు ఆమ్లాలకు అంటుకుని వాటి చికాకును తగ్గిస్తుందని శాస్త్రజ్ఞుల భావన.

పొగాకు, స్థూలకాయం, కూర్చుని గడిపే జీవితం కూడా ఈ ముప్పును పెంచుతాయి. ఈ విషయంలో దీవుల పరిస్థితి మనల్ని ఆలోచింపజేయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అండమాన్, నికోబార్ పురుషుల్లో సగానికి పైగా మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అధిక బరువు ఉన్న పురుషులు నూటికి 40 మందిని మించారు. పీచు గురించి మాట్లాడి ఖైనీ గురించి మాట్లాడకపోతే చిల్లు కుండలో నీళ్లు పోసినట్లే.

అంకెలు మోసం చేసే చోటు

ప్రపంచ పటం మీద చూస్తే మన దేశంలో ఈ క్యాన్సర్ తక్కువ. వయసుల తేడాను సరిచేసి లెక్కిస్తే మన దేశంలో ఏటా లక్షకు సుమారు ఐదుగురు. డెన్మార్క్, నార్వేలలో 40కి పైగా. వయసును సరిచేయడం ఎందుకు? నార్వేలో వృద్ధులు ఎక్కువ, మన దగ్గర యువకులు ఎక్కువ. సరిచేయకపోతే తేడా వయసుదో, తిండిదో తెలియదు.

ఇది జాతి లక్షణమా? కాదని వలసలు చెబుతున్నాయి. ఒకప్పుడు జపాన్‌లో ఈ జబ్బు తక్కువ. అమెరికాకు వలస వెళ్లిన జపానీయులలో, వారి పిల్లలలో అది అక్కడివారి స్థాయికి చేరినట్లు 1968లోనే పరిశోధకులు చూపారు. జన్యువులు ఒక తరంలో మారవు. పళ్లెం మారుతుంది. తెలుగువారు ఈనాడు అన్ని ఖండాల్లో ఉన్నారు. ఈ పాఠం వారికీ వర్తిస్తుంది.

మరి నికోబారీలలో తిండి మారాక క్యాన్సర్ పెరిగిందా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాగితం, కలం తీసుకోండి. లక్షకు ఐదుగురు చొప్పున 27 వేల మందికి ఎందరు? ఏడాదికి ఒకరు, ఎప్పుడైనా ఇద్దరు. ఒక ఏడాది ఒకరు, మరుసటి ఏడాది ముగ్గురు వచ్చారనుకోండి. 'మూడు రెట్లు పెరిగింది!' అని వార్త రాయవచ్చు. కాని అది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. మొత్తం దీవుల జనాభాకు లెక్కవేసినా ఏడాదికి 19 మందే వస్తారు. చిన్న జనాభాలో ముప్పును కొలవాలంటే దశాబ్దాలు ఓపికగా నమోదు చేయాలి. అందుకే ఇటువంటి చోట్ల శాస్త్రజ్ఞులు జబ్బును లెక్కించడంతోపాటు జబ్బుకు దారితీసే వాటిని, అంటే తిండి, బరువు, పొగాకు, రక్తపోటులను కూడా కొలుస్తారు. దీవుల్లో 1983 నుంచి పనిచేస్తున్న భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం వంటి సంస్థల అవసరం ఇక్కడే తెలుస్తుంది.

మన దేశపు అంకె తక్కువని ధీమాగా ఉండడానికి కూడా లేదు. 2022లో మన దేశంలో సుమారు 70 వేల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది. మనవారి ఆయుర్దాయం పెరుగుతోంది, పళ్లెం మారుతోంది.

పెద్దల పళ్లెంలో ఏముండాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల ఆహారంలో రోజుకు సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని చెబుతోంది. 2024లో ఆ సంస్థ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం కాయగూరలు, ఆకుకూరలు, పళ్లు కలిపి రోజుకు అరకిలో తినడం మంచిది. 100 గ్రాముల్లో పీచు ఎంతో చూడండి: తెల్లబియ్యం 2.8 గ్రాములు, కందిపప్పు 9, రాగులు 11, గోధుమపిండి 11, పెసలు 17, శనగలు 25, జామపండు 8.5 గ్రాములు.

ఒక పెద్దాయన రోజుకు 300 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల కూరగాయలు తింటున్నాడనుకుందాం. బియ్యం నుంచి 8.4, పప్పు నుంచి 4.5, కూరల నుంచి సుమారు 4.5 గ్రాములు, మొత్తం 17.4 గ్రాముల పీచు. కావలసినదానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. ఇప్పుడు 100 గ్రాముల బియ్యం తీసేసి దాని బదులు రాగులు పెడదాం. ఒక జామపండు చేర్చుదాం. మొత్తం 34 గ్రాములు దాటుతుంది! అమెరికా నుంచి ఏ పొడి డబ్బా తెప్పించనక్కరలేదు. ముత్తాతల చోడి అంబలి, పెరటి జామచెట్టు చాలు. నికోబార్‌లో అయితే పెండలం, చేమదుంప, మొగలి గుజ్జు ఆ పని చేస్తాయి.

వండిన అన్నం చల్లారినప్పుడు దానిలోని పిండిపదార్థంలో కొంత భాగం అరగని రూపంలోకి మారుతుంది. అది పెద్దపేగుకు చేరి పీచులాగే పనిచేస్తుంది. పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు కదా! చద్దన్నం క్యాన్సర్‌ను ఆపుతుందని దీని అర్థం కాదు. మంచి అలవాట్లలో అదొకటి, అంతే.

పెద్దల విషయంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. పళ్లు ఊడినవారు పీచు తినలేక మెత్తని తెల్లన్నానికి, బిస్కెట్లకు అలవాటుపడతారు. వారికి పచ్చి కూరలు పెట్టి తినమంటే లాభం లేదు. ఆకుకూర పప్పులో వేసి మెత్తగా ఉడికించండి, రాగులు జావ కాయండి, జామపండు గుజ్జు తీసి ఇవ్వండి. పీచును ఒక్కసారిగా కాక రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచాలి, నీళ్లు తగినంత తాగాలి. లేకపోతే పొట్ట ఉబ్బరం, మలబద్ధకం వస్తాయి. వయసు పైబడినవారికి కండ కరగకుండా మాంసకృత్తులు కూడా కావాలి. కాబట్టి మాంసం భయంతో పప్పు, పాలు, గుడ్డు, చేప కూడా మానిపించకూడదు. మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే తిండి మార్చుకోవాలి.

తిండితో తీరనిది

మంచి తిండి ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తొలగించదు. జీవితమంతా అంబలి తాగినవారికీ ఈ జబ్బు రావచ్చు. కొన్ని కుటుంబాల్లో జన్యుపరంగానే ముప్పు ఎక్కువ. వచ్చిన క్యాన్సర్‌ను ఏ ఆకు, ఏ పథ్యం నయం చేయదు. శస్త్రచికిత్స, మందులు, రేడియేషన్ కావాలి.

మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. మలంలో రక్తం కనిపిస్తే 'మొలలే' అని సరిపెట్టుకోవడం. నిజంగా మొలలే కావచ్చు. కాని పరీక్ష చేయకుండా ఎవరు చెప్పగలరు? మలంలో రక్తం, కొన్ని వారాలుగా మారిన విరేచనం తీరు, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్ద వయసులో రక్తహీనత, ఎడతెగని కడుపునొప్పి: వీటిలో ఏది ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. ఈ క్యాన్సర్‌ను తొలి దశలో పట్టుకుంటే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. జపాన్‌లో 1992 నుంచి కంటికి కనిపించని రక్తం కోసం మలాన్ని పరీక్షించే కార్యక్రమం దేశవ్యాప్తంగా నడుస్తోంది. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తున్నారు. పెద్దపేగుది అందులో లేదు. అందుకని లక్షణాలను గుర్తించే బాధ్యత ఇంట్లోవారి మీదే ఎక్కువగా పడుతోంది. దూరపు దీవి నుంచి పెద్ద ఆస్పత్రికి చేరడానికి ఓడ కోసం రోజులు ఎదురుచూడవలసిన వారికి ఆలస్యం మరింత ఖరీదైనది.

మీరే చేసి చూడండి

మీ ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ, ఎవరుంటే వారు ఒక రోజంతా తిన్నది రాసుకోండి. పైన ఇచ్చిన అంకెలతో పీచు లెక్కకట్టండి. 30 గ్రాములకు ఎంత తక్కువైంది? ఏ ఒక్క మార్పుతో ఆ లోటు పూడుతుంది? తరువాత వారు మీ వయసులో ఏమి తిన్నారో అడిగి అదీ లెక్కకట్టండి. రెండు జాబితాలనూ మీ తరగతిలో అందరివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఊరి పళ్లెం యాభై ఏళ్లలో ఎలా మారిందో తెలుస్తుంది. ఆ లెక్క పూర్తయ్యాక వారిని మరో ప్రశ్న కూడా అడగండి. మొహమాటంతో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న బాధ ఏదైనా ఉందా అని. పీచు లెక్క కన్నా ఆ ఒక్క ప్రశ్నే కొందరికి ఎక్కువ మేలు చేయవచ్చు.